సర్టిఫికెట్ గోడ మీద, అంబు బ్యాగ్ బీరువాలో

సంపాదకులకు నమస్కారం.

ఫలానా ఆసుపత్రికి బిడ్డల్ని వెచ్చగా ఉంచే వార్మర్లు నాలుగు చేరాయనో, ఇంతమంది నర్సులకు నవజాత శిశువుల సంరక్షణలో రెండు రోజుల శిక్షణ పూర్తయిందనో పత్రికల్లో తరచూ చిన్న వార్తలు వస్తుంటాయి. పక్కనే ఫొటో ఉంటుంది. వరసగా నిలబడిన మనుషులు, చేతుల్లో సర్టిఫికెట్లు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కాకపోతే వార్త అక్కడితో ఆగిపోతుంది. ఆర్నెల్లు గడిచాక, అర్ధరాత్రి రెండు గంటలకు, డ్యూటీలో ఒక్క నర్సే ఉన్నప్పుడు ఏడవని బిడ్డ పుడితే ఏం జరుగుతుందని ఎవరూ అడగరు. మనుషులూ పరికరాలూ చాలని ఆసుపత్రుల్లో ఈ పని నేర్పేవాళ్లం మేం. ఈ శిక్షణ ఎక్కడ, ఎలా, ఎన్నిసార్లు జరగాలో మాకు తెలిసినంతలో చెప్పాలని ఈ ఉత్తరం.

2022లో ప్రపంచం మొత్తం మీద పుట్టిన 28 రోజుల్లోపే కన్నుమూసిన శిశువులు దాదాపు 23 లక్షల మంది. ఎక్కువ మరణాలకు కారణాలు మూడే. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పు సమయంలో ఊపిరి అందకపోవడం, ఇన్ఫెక్షన్లు. ఈ మూడింటిలోనూ పెద్ద యంత్రాల అవసరం లేకుండా, చేతులతో చేసే పని చాలా ఉంది. చిక్కేమిటంటే చేతి పని చెయ్యకపోతే మరిచిపోతాం.

ఒక చిన్న లెక్క చూడండి. పుట్టిన ప్రతి 100 మందిలో సుమారు పదిమందికి ఊపిరి అందుకోవడానికి ఏదో ఒక సాయం కావాలి. వాళ్లలో చాలామందికి తుడవడం, వీపు రుద్దడం సరిపోతుంది. అంబు బ్యాగ్ (చేతితో నొక్కి గాలి పంపే సంచి), ముక్కూ నోరూ కప్పే మాస్కుతో గాలి ఇవ్వాల్సి వచ్చేది ముగ్గురి నుంచి ఆరుగురికి. నెలకు 30 కాన్పులు జరిగే ఆసుపత్రిలో ఆ అవసరం నెలకు ఒకటి రెండుసార్లే వస్తుంది. ఆరుగురు నర్సులు షిఫ్టులు పంచుకుంటే ఒక్కొక్కరి చేతికి అది నాలుగైదు నెలలకోసారి తగులుతుంది. శిక్షణలో నేర్చిన నైపుణ్యం మూడు నుంచి ఆరు నెలల్లో సడలిపోతుందని ఎన్నో చోట్ల చూశారు. అంటే అసలు అవసరం వచ్చే నాటికి చెయ్యి మరిచిపోయి ఉంటుంది. చిన్న ఆసుపత్రికి శిక్షణ తక్కువ చాలని అనుకుంటారు గానీ, నిజానికి అక్కడే ఎక్కువ కావాలి.

టాంజానియాలోని హైడమ్ లూథరన్ ఆసుపత్రి అనుభవం దీనికి మంచి ఉదాహరణ. అమెరికా శిశువైద్యుల అకాడమీ 2010లో మొదలుపెట్టిన ‘హెల్పింగ్ బేబీస్ బ్రీత్’ శిక్షణను అక్కడ ఒకరోజు కోర్సుగా ఇచ్చారు. నర్సులు శిశువు బొమ్మ మీద చక్కగా చేశారు. కాన్పు గదిలో నిజమైన బిడ్డ విషయానికొచ్చేసరికి పాత పద్ధతే సాగింది. ఈ ఫలితాన్ని వాళ్లు దాచకుండా 2013లో ప్రచురించారు. అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. ఆ తర్వాత పద్ధతి మార్చారు. బొమ్మను కాన్పు గదిలోనే పెట్టి, వారం వారం మూడు నుంచి ఐదు నిమిషాలు, నెలకోసారి 40 నిమిషాలు సాధన చేయించారు. పుట్టిన 24 గంటల్లో మరణాలు ప్రతి 1000 మందికి 11.1 నుంచి 7.2కు తగ్గాయి. బిడ్డను తుడిచి రుద్దడం పెరిగింది, దాంతో బ్యాగ్ దాకా వెళ్లాల్సిన బిడ్డల సంఖ్యే తగ్గింది. కొత్త యంత్రమేదీ తేలేదు. సాధన చేసే చోటు మారింది, ఎన్నిసార్లు చేస్తారన్నది మారింది.

ఇక ఆ మొదటి నిమిషం సంగతి. బిడ్డ పుట్టగానే పొడిబట్టతో తల, వీపు, ఛాతీ గట్టిగా తుడవాలి. తడిసిన బట్ట తీసేసి ఇంకో పొడిబట్ట కప్పాలి. ఏడుస్తుంటే తల్లి ఛాతీ మీద పడుకోబెట్టి, బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగేదాకా, అంటే ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కోయాలి. ఏడవకపోతే తలను సరిచేసి, నోట్లో ఏదైనా అడ్డం కనిపిస్తే తీసి, వెన్ను వెంబడి రెండు మూడుసార్లు రుద్దాలి. అప్పటికీ ఊపిరి తీసుకోకపోతే బొడ్డుతాడు కోసి, బ్యాగ్‌తో గాలి మొదలుపెట్టాలి. ఇదంతా 60 సెకన్లలో జరగాలి. హైడమ్‌లో చేసి 2012లో ప్రచురించిన మరో పరిశీలన ప్రకారం బ్యాగ్ మొదలుపెట్టడంలో ప్రతి 30 సెకన్ల ఆలస్యానికీ బిడ్డ చనిపోయే, లేదా ఎక్కువకాలం ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చే ముప్పు 16 శాతం పెరిగింది.

ఆ నిమిషం ఎక్కడ కరిగిపోతుందో గడియారం పెట్టి చూస్తే తెలుస్తుంది. మొదటిది, దూరం. బిడ్డకు ఊపిరి అందించే బల్ల పక్క గదిలో ఉంటే బిడ్డను ఎత్తుకుని నడిచేసరికే 15 సెకన్లు పోతాయి. బల్ల తల్లి మంచానికి చేతికందే దూరంలో ఉండాలి. రెండోది, సక్షన్, అంటే నోట్లో, ముక్కులో స్రావాల్ని పైపుతో లాగడం. ఇది చాలాచోట్ల భయంతో పుట్టిన అలవాటు. ఉమ్మనీటిలో మలం కలిసిందంటే చాలు, గొంతు లోపలికి పైపు దింపి లాగుతూనే ఉంటారు. గొంతు వెనక గోడకు పైపు తగిలితే బిడ్డ గుండె వేగం పడిపోతుంది, వచ్చే ఊపిరి కూడా ఆగుతుంది. పైగా అంతసేపూ గాలి అందదు. అవసరం ఉంటేనే, ముందు నోరు తర్వాత ముక్కు, నోట్లో 5 సెంటీమీటర్లు, ముక్కులో 3 సెంటీమీటర్లు మించకుండా, పీడనం 100 మిల్లీమీటర్ల పాదరసం దాటకుండా, పైపు బయటికి తీసేటప్పుడు మాత్రమే లాగాలి. మూడోది, ఆక్సిజన్ కోసం వెతుకులాట. నెలలు నిండిన బిడ్డకు మామూలు గాలితోనే మొదలుపెట్టాలి. సిలిండర్ తాళంచెవి దొరికేదాకా బ్యాగ్ నొక్కకుండా నిలబడటం మేం నేర్పేచోట్ల ఎదురయ్యే అన్ని తప్పుల్లోకీ ఖరీదైనది.

బ్యాగ్ పట్టడంలోనూ రహస్యాలున్నాయి. ఊపిరితిత్తుల్లో ఇంకా ద్రవం నిండి ఉంటుంది కాబట్టి మొదటి రెండు మూడు ఊపిర్లకు కాస్త ఎక్కువ ఒత్తిడి కావాలి. ఆ తర్వాత ఛాతీ మెల్లగా లేచేంత చాలు. 3 కిలోల బిడ్డ ఒక్కో ఊపిరికి తీసుకునేది 15 నుంచి 20 మిల్లీలీటర్లే, బ్యాగ్‌లో దానికి పదింతలకు పైగా ఉంటుంది. అందుకే అరచేయంతా బిగించి పిండకూడదు, రెండు మూడు వేళ్లు చాలు. వేగం నిమిషానికి 40. ‘ఒకటి’ అన్నప్పుడు నొక్కు, ‘రెండు, మూడు’ అన్నప్పుడు వదులు. కంగారులో అందరూ 80, 90 కొడతారు. అప్పుడు గాలి లోపలికి వెళ్తుంది గానీ బయటికి రావడానికి వ్యవధి ఉండదు.

ఛాతీ లేవలేదంటే బ్యాగ్‌ని తిట్టుకోకుండా ఒక వరస ప్రకారం సరిచేసుకోవాలి. మాస్కు మళ్లీ ఆనించాలి. దాని అంచు గడ్డం, నోరు, ముక్కు కప్పాలి, కళ్ల మీదికి పోకూడదు. నెలలు నిండిన బిడ్డకు 1వ నంబరు, చిన్న బిడ్డకు 0 నంబరు మాస్కు. తర్వాత తల చూడాలి. మెడ ముందుకు వాలినా, మరీ వెనక్కి విరిచినా గాలిదారి మూసుకుంటుంది. వాసన చూస్తున్నట్టు కొద్దిగా పైకెత్తి ఉండాలి, భుజాల కింద ఒక అంగుళం మందాన మడిచిన బట్ట పెడితే అది నిలుస్తుంది. ఆ తర్వాత నోట్లో స్రావాలు తీసి, నోరు కొంచెం తెరిచి ఉంచి, చివరికి కొంచెం గట్టిగా నొక్కి చూడాలి. చాలామంది ఈ చివరి మెట్టు మీదికే ముందు దూకుతారు. మాస్కు పక్కనుంచి గాలి పోతుంటే ఎంత గట్టిగా నొక్కినా పక్కనుంచే పోతుంది. ఛాతీ బాగా లేస్తున్నా గుండె నిమిషానికి 60 కంటే తక్కువే కొట్టుకుంటుంటే, రెండో మనిషి ఉంటే, మూడుసార్లు ఛాతీ నొక్కి ఒకసారి గాలి ఇవ్వాలి. అయితే గాలి సరిగా వెళ్లకముందే ఛాతీ నొక్కడం మొదలుపెడితే అది వృథా శ్రమ.

ఇంత చెప్పాక బ్యాగే పనిచెయ్యకపోతే? ఇది అరుదైన సంగతి అనుకోకండి. కడిగాక విడిభాగాలు బిగించేటప్పుడు బాతు మూతిలా ఉండే చిన్న రబ్బరు వాల్వు తలకిందులుగా పెట్టడమో, అసలు పెట్టకపోవడమో జరుగుతుంది. చూడ్డానికి బ్యాగ్ బాగానే ఉంటుంది, నొక్కితే గాలి మాత్రం బిడ్డకు చేరదు. పరీక్ష పది సెకన్ల పని. మాస్కును అరచేతికి గట్టిగా ఆనించి నొక్కండి. చేతికి ఒత్తిడి తెలియాలి, ఇంకా నొక్కితే ఒత్తిడి వదిలే వాల్వు బుస్సుమని తెరుచుకోవాలి. వదిలితే బ్యాగ్ వెంటనే ఉబ్బాలి. ప్రతి షిఫ్టు మొదట్లో, ప్రతి కాన్పుకు ముందు ఈ పరీక్ష చెయ్యాలి. వాడిన బ్యాగ్‌ను పూర్తిగా విప్పి, సబ్బునీళ్లతో కడిగి, తయారీదారు చెప్పిన విధంగా మరిగించో ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో పెట్టో, పూర్తిగా ఆరాక బిగించాలి. విప్పి బిగించడాన్ని కళ్లకు గంతలు కట్టుకుని చేయగలిగేదాకా నేర్పితే నష్టం లేదు. కరెంటు పోయిన రాత్రి అది పనికొస్తుంది. ఇంకో మాట. బ్యాగ్ పోతుందేమోనని బీరువాలో పెట్టి తాళం వేసే అలవాటు ఒకటుంది. పోతే పోయింది, బల్ల మీదే ఉండాలి.

సాధన ఎలా చేయించాలి? హాలు అక్కర్లేదు. షిఫ్టు మారే వేళ పాత జట్టు, కొత్త జట్టు ఇద్దరూ ఉంటారు. ఐదు నిమిషాలు చాలు. బొమ్మను నిజమైన కాన్పు మంచం మీదే పెట్టాలి. నిజమైన ట్రేలోంచి నిజమైన బ్యాగే తియ్యాలి. అప్పుడే ట్రేలో మాస్కు లేదన్న సంగతి బయటపడుతుంది, సాధన వల్ల కలిగే సగం లాభం అదే. నీళ్లు నింపితే బిడ్డంత బరువు తూగే బొమ్మలున్నాయి, బ్యాగ్ సరిగా నొక్కితేనే వాటి ఛాతీ లేస్తుంది. ఒకరు చెయ్యాలి, ఒకరు సెల్‌ఫోన్‌లో సమయం చూడాలి, ఒకరు చూసింది చెప్పాలి. ‘ఇప్పుడు నేను తుడుస్తాను’ అని నోటితో చెప్పి ఊరుకుంటే ఒప్పుకోకూడదు, తుడిచి తీరాలి. నోటితో చేసిన సాధనకు పట్టే కాలం సున్నా, నిజంగా తుడవడానికి 20 సెకన్లు పడుతుంది. అయ్యాక అడగాల్సింది రెండే ప్రశ్నలు. ఏది బాగా జరిగింది? వచ్చేసారి ఏది మారుస్తావు? అందరి ముందు తప్పులెంచే శిక్షకుడు ఉన్నచోట మూడో వారానికి ఎవరూ బొమ్మ దగ్గరికి రారు. పెద్ద డాక్టరు కూడా వరసలో నిలబడి చేయాలి, ఆయనకూ చెయ్యి మరిచిపోతుంది.

ఊపిరి అందుకున్నాక బిడ్డను చంపేది చలి. శిశువు ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. ఒళ్లు తడిగా ఉండి, గది చల్లగా ఉండి, కిటికీ తెరిచి ఉంటే నిమిషాల్లో దిగజారిపోతుంది. కాన్పు గది 25 డిగ్రీలకు తగ్గకూడదు. ఫ్యాన్ కింద చెమటపట్టే సిబ్బందికి ఇది ఇబ్బందే, తప్పదు. మామూలు జ్వరమానినితో కొలిస్తే మోసపోతాం. దాని గీతలు 35 దగ్గరే మొదలవుతాయి, 33 డిగ్రీలకు పడిపోయిన బిడ్డ సంగతి అది చెప్పలేదు. ఇంకా కిందికి చూపే జ్వరమానిని కావాలి. అది లేనప్పుడు అరచేయి చాలు. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే బిడ్డ చలితో పెనుగులాడుతున్నట్టు, రెండూ చల్లగా ఉంటే ఓడిపోతున్నట్టు. మొదటి స్నానం 24 గంటల తర్వాతే.

వార్మర్ గురించి ఒక హెచ్చరిక. బిడ్డ చర్మానికి అతికించే చిన్న సెన్సర్ ఊడి పక్కన పడిందనుకోండి, యంత్రం గది గాలిని కొలిచి బిడ్డ చల్లబడిందనుకుంటుంది, వేడి పెంచుకుంటూ పోతుంది. బిడ్డ కాలిపోయే ప్రమాదం ఉంది. చేతితో వేడి పెట్టే పద్ధతిలో వదిలేసి మరిచిపోయినా ఇదే జరుగుతుంది. అందుకని గంటకోసారి సెన్సర్ అతుక్కుని ఉందో లేదో చూడటం నేర్పాలి. కొన్న రోజు మీట ఎక్కడుందో చూపించి వెళ్లిపోయే కంపెనీ మనిషి ఇది చెప్పడు.

వార్మర్ కంటే నమ్మదగినది తల్లి ఛాతీ. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైన, బిడ్డను తల్లి ఒంటికి ఆనించి కట్టే కంగారూ పద్ధతిని చాలాకాలం పేదవాళ్ల ప్రత్యామ్నాయంగానే చూశారు. ఘానా, ఇండియా, మలావి, నైజీరియా, టాంజానియాల్లో కిలో నుంచి 1.799 కిలోల బరువున్న శిశువుల మీద జరిగి 2021లో వెలువడిన అధ్యయనం ఆ చూపును మార్చింది. బిడ్డ నిలకడ పడేదాకా ఆగకుండా, పుట్టగానే కంగారూ సంరక్షణ మొదలుపెట్టిన వాళ్లలో 28 రోజుల్లో మరణాలు 12 శాతం, నిలకడ పడ్డాక మొదలుపెట్టిన వాళ్లలో 15.7 శాతం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నే సిఫారసు చేసింది. రోజుకు కనీసం 8 గంటలు, వీలైతే 24 గంటలూ. నేర్పాల్సింది కట్టే తీరు. బిడ్డ నిలువుగా రొమ్ముల మధ్య, తల ఒక పక్కకు తిరిగి కాస్త పైకెత్తి, కాళ్లు కప్పలా ముడుచుకుని ఉండాలి. కట్టు పై అంచు చెవి కిందికి రావాలి. బిగువు ఛాతీ దగ్గరే, పొట్ట దగ్గర బిగిస్తే ఊపిరి ఆడదు. తండ్రి అయినా అమ్మమ్మ అయినా కట్టుకోవచ్చు. అసలు అడ్డంకి సిబ్బందికి తెలియకపోవడం కాదు, శిశువుల వార్డులో తల్లికి మంచం లేకపోవడం. నర్సులకు పది క్లాసులు చెప్పే బదులు ముందు వెనక్కి వాలే కుర్చీలు నాలుగు వెయ్యండి.

మందుల లెక్క దగ్గరికి వస్తే, శిక్షణల్లో అన్నిటికన్నా తక్కువ సమయం ఇచ్చేదీ, వార్డులో అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. ఇన్ఫెక్షన్లకు ఇచ్చే జెంటామైసిన్ సీసా పెద్దవాళ్ల కోసం తయారైంది. 2 మిల్లీలీటర్లలో 80 మిల్లీగ్రాములు. బరువు తక్కువ బిడ్డకు మొదటి వారంలో కిలోకు 3 మిల్లీగ్రాములు, రోజుకోసారి. 1.5 కిలోల బిడ్డకు 4.5 మిల్లీగ్రాములు, అంటే ఆ సీసాలోంచి 0.11 మిల్లీలీటర్లు. 2 మిల్లీలీటర్ల సిరంజీలో అంత చిన్న గీత లేదు. 0.1కీ 1కీ మధ్య చుక్క జారిపోతే మోతాదు పదింతలవుతుంది, కిడ్నీలూ వినికిడీ దెబ్బతినొచ్చు. ఇంకో కనిపించని తప్పు కూడా ఉంది. సిరంజీలోకి ఆ 0.11 తీసి, అదే సిరంజీలోకి నీళ్లు లాగి పలచన చేస్తే, సూది మొదట్లో మిగిలిన మందు కూడా కలిసిపోయి మోతాదు దాదాపు రెట్టింపు కావచ్చు. పద్ధతి ఇది. సీసాలోని 2 మిల్లీలీటర్లకు 6 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ కలిపి 8 చెయ్యాలి. అప్పుడు మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు. ఈ బిడ్డకు 0.45 మిల్లీలీటర్లు, 1 మిల్లీలీటరు సిరంజీతో. ఈ లెక్కను అరకిలో తేడాతో పట్టికగా రాసి గోడకు అతికించాలి, ఇద్దరు చూశాకే ఇవ్వాలి. శిక్షణలో మాత్రం ఆ వార్డులో నిజంగా వాడే సీసాలే పెట్టి లెక్క చేయించాలి. పుస్తకంలోని సీసా వేరు, స్టోర్ నుంచి వచ్చే సీసా వేరు.

గ్లూకోజు సంగతీ ఇంతే. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 45 మిల్లీగ్రాముల కంటే తగ్గితే 10 శాతం డెక్స్ట్రోజ్ (గ్లూకోజు ద్రావణం) కిలోకు 2 మిల్లీలీటర్లు రక్తనాళంలోకి నెమ్మదిగా ఇవ్వాలి. చాలా స్టోర్లలో 10 శాతం ఉండదు, 50 శాతం ఉంటుంది. దాన్ని నేరుగా ఇస్తే చిన్న రక్తనాళం దెబ్బతింటుంది. 50 శాతం డెక్స్ట్రోజ్ 20 మిల్లీలీటర్లు, స్టెరైల్ వాటర్ 80 మిల్లీలీటర్లు కలిపితే 100 మిల్లీలీటర్ల 10 శాతం వస్తుంది. 25 శాతం ఉంటే 40, 60. చక్కెర పడిపోకుండా చూసే మార్గం మాత్రం పాలే. మొదటి గంటలో ముర్రుపాలు పట్టాలి. చప్పరించలేని 1.5 కిలోల బిడ్డకు మొదటి రోజు కిలోకు 60 మిల్లీలీటర్ల లెక్కన 90 మిల్లీలీటర్లు. రెండు గంటలకోసారి అయితే విడతకు ఏడున్నర. ముక్కు గొట్టంతో ఇచ్చేటప్పుడు కొలత ముక్కు కొస నుంచి చెవి తమ్మె దాకా, అక్కడి నుంచి ఛాతీ ఎముక కొసకూ బొడ్డుకూ మధ్య దాకా. గాలి ఎక్కించి స్టెతస్కోపుతో విని ‘లోపలే ఉంది’ అనుకోవడం నమ్మదగ్గ పద్ధతి కాదు. గొట్టంలోంచి కొద్దిగా లాగి పీహెచ్ కాగితం మీద వెయ్యాలి, 5.5 లేదా అంతకంటే తక్కువ చూపిస్తే అది పొట్టలోదే.

ఆక్సిజన్ మందులాంటిది, దానికీ మోతాదు ఉంది. నెలలు నిండని బిడ్డకు ఆక్సిజన్ ఇచ్చేటప్పుడు ఆక్సీమీటర్ 90 నుంచి 95 మధ్య చూపాలి. 100 చూపిస్తుంటే సంతోషించకూడదు, కంటి వెనక పొరలో రక్తనాళాలు దెబ్బతిని చూపు పోవచ్చు. ఊపిరితిత్తులు మూసుకుపోకుండా ముక్కు ద్వారా ఆగకుండా గాలి ఒత్తిడి ఇచ్చే బబుల్ సీప్యాప్ నేర్పేటప్పుడు ముఖ్యంగా చెప్పాల్సింది నీళ్ల సీసా గురించి. గొట్టం నీళ్లలో ఎన్ని సెంటీమీటర్లు మునిగితే పీడనం అంత, మామూలుగా 5 లేదా 6తో మొదలుపెడతారు. బుడగలు ఆగాయంటే ఎక్కడో గాలి కారుతోంది. ముక్కులో పెట్టే చిన్న గొట్టాలు (ప్రాంగ్స్) వదులయ్యాయి, లేదా బిడ్డ నోరు తెరిచి ఉంది. బుడగలు వస్తున్నా పీడనం తప్పు కావచ్చు. గొట్టంలో చేరిన తేమ సీసాలోకి జారి నీటిమట్టం పెరిగితే పీడనమూ చెప్పకుండా పెరుగుతుంది. గంటకోసారి మట్టం చూసి ఎక్కువైన నీళ్లు తీసెయ్యాలి. ముక్కు మధ్య గోడ ఎర్రబడిందేమో కూడా అప్పుడే చూడాలి, ఒరిపిడికి అది తెగిపోతుంది. పొట్ట ఉబ్బకుండా నోట్లోంచి గొట్టం వేసి తెరిచి ఉంచాలి. ఒక్క నర్సు పదిహేనుమంది బిడ్డల్ని చూసే వార్డులో సీప్యాప్ మొదలుపెట్టే ముందు రెండుసార్లు ఆలోచించమని మేం చెబుతాం. చూసేవాళ్లు లేని యంత్రం మేలు కంటే కీడే చేస్తుంది.

చేతులు కడుక్కోవడం గురించి అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ సరిగా నేర్పరు. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు, చేతులకు మురికి కనిపించకపోతే ఆల్కహాల్ ద్రవంతో 20 నుంచి 30 సెకన్లు. కుళాయి పది అడుగుల దూరంలో ఉంటే ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు మధ్య ఎవరూ నడిచి వెళ్లరు. ఆ సీసా ప్రతి ఉయ్యాల దగ్గరా వేలాడాలి. తేమ ఉన్నచోటల్లా క్రిములు పెరుగుతాయి. ఆక్సిజన్‌కు తేమ కలిపే హ్యుమిడిఫైయర్ సీసాలో నిన్నటి నీళ్లు, సక్షన్ జాడీ, తడి స్పాంజి, సగం వాడి దాచిన సెలైన్ సీసా. వార్డులో ఒకేసారి ముగ్గురు బిడ్డలు జబ్బుపడితే మందు మార్చడానికి ముందు వీటిని వెతకాలి.

ఎవరికి నేర్పాలన్నది ఇంకో ప్రశ్న. శిక్షణకు ఎప్పుడూ పగటి డ్యూటీవాళ్లనే, కాస్త ఖాళీగా ఉన్నవాళ్లనే పంపుతారు. రాత్రి జట్టుకు కాగితం మాత్రమే చేరుతుంది. శుభ్రం చేసే సిబ్బందిని ఎవరూ పిలవరు. వార్మర్ పరుపు తుడిచేదీ, చాలాసార్లు మొదట బిడ్డను అందుకునేదీ వాళ్లే. మరమ్మతు చేసే టెక్నీషియన్‌ను పిలవకపోతే గాలి నుంచి ఆక్సిజన్ వేరుచేసే కాన్సెంట్రేటర్ ఫిల్టర్ దుమ్ముపట్టి ఆక్సిజన్ శాతం పడిపోయిందని ఎవరికీ తెలియదు. అన్నిటికన్నా దెబ్బ బదిలీలది. శిశువుల వార్డులో ఏడాది చేసి చెయ్యి తిరిగిన నర్సును కంటి విభాగానికి మారుస్తారు, ఆమె స్థానంలో కొత్త మనిషి వస్తుంది. ఆమె నేర్చుకున్నదంతా ఆమెతోపాటే గడప దాటుతుంది. కనీసం రెండేళ్లయినా కదపకూడదు. మార్చక తప్పకపోతే వచ్చే మనిషి ఆమె పక్కన నెల రోజులు నిలబడాలి.

శిక్షణ పనిచేస్తోందా లేదా అన్నది సర్టిఫికెట్ల లెక్కతో తేలదు. కాన్పుల రిజిస్టరులో నాలుగు గడులు కలిపితే చాలు. బిడ్డ ఎన్నో నిమిషానికి ఏడ్చింది, బ్యాగ్ వాడారా, వాడితే ఎన్నో సెకనుకు, గంట తర్వాత ఒంటి వేడి ఎంత. నెలాఖరున వాటిని కాన్పులు చేసే జట్టే కూర్చుని చదువుకోవాలి. లెక్క బాగా లేకపోతే మందలిస్తారన్న భయం ఉన్నచోట అందరు బిడ్డలూ మొదటి నిమిషంలోనే ఏడ్చినట్టు రాస్తారు. అలాంటి రిజిస్టరు చూస్తే అనుమానించాలి.

మీ విలేకరులకు ఒక విన్నపం. ఇకమీదట ఇలాంటి శిక్షణ వార్త రాయడానికి వెళ్తే ఫొటో తీశాక కాన్పు గదిలోకి ఒక్క ఐదు నిమిషాలు వెళ్లనివ్వమని అడగండి. కాన్పు జరగని వేళ చూసుకుని. బల్ల మీద బ్యాగ్ ఉందా, దాన్ని అరచేతికి ఆనించి నొక్కి చూపించమని అడగండి. చివరిసారి బొమ్మ మీద సాధన చేసిన తేదీ, చేసినవాళ్ల సంతకాలు ఉన్న కాగితం గోడ మీద ఉందేమో చూడండి. ఉంటే ఆ తేదీ మీ వార్తలో వెయ్యండి. లేకపోతే లేదని వెయ్యండి. మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లండి, ఈసారి రాత్రి షిఫ్టులో.

ఇట్లు,
నవజాత శిశు సంరక్షణలో శిక్షణ ఇచ్చే కొందరు వైద్యులు, నర్సులు